చిన్న మోటార్‌హోమ్ వెనక కారు కట్టుకుని వెళ్ళాలా?

ప్రశ్న: మేమిద్దరం రిటైరయ్యాక సెకండ్ హ్యాండ్‌లో 24 అడుగుల మోటార్‌హోమ్ కొన్నాం. ఇప్పటికి మూడు ట్రిప్పులు వెళ్ళొచ్చాం. మూడోసారి మావారి బీపీ మాత్రలు అయిపోయాయి. మందుల షాపు ఆరు కిలోమీటర్లే, కానీ దానికోసం కరెంటు తీగ ఊడదీసి, నీళ్ళ పైపు చుట్టి, పందిరి మడిచి, సామానంతా సర్ది, ఇల్లంతా కదిలించాల్సి వచ్చింది. ఆ రోజు నుంచి మావారు కారు వెనక తగిలించుకుని పోదామంటున్నారు. మా కారు చిన్నది, ఆటోమేటిక్. వచ్చే ట్రిప్పు మూడు నెలలు. నాలుగైదు చోట్ల పది పదిహేను రోజుల చొప్పున ఆగుతాం, మిగతా రోజుల్లో రోజుకో ఊరు. నేనూ మోటార్‌హోమ్ నడుపుతాను, కానీ వెనక ఇంకో బండి అంటే నాకు టెన్షన్. మావారేమో "అందరూ లాక్కెళ్తున్నారుగా" అంటారు. మమ్మల్ని ఏం చేయమంటారు?

సమాధానం:

అమ్మా, మీ ఉత్తరం చదువుతుంటే మా మొదటి రోజులు గుర్తొచ్చాయి. మా ఆయనకు ఒకసారి క్యాంప్‌సైట్‌లో అర్ధరాత్రి పంటి నొప్పి మొదలైంది. తెల్లవారుజామున చీకట్లో పందిరి మడిచి, మెట్టు లోపలికి తోసి, పక్కవాళ్ళకు నిద్రాభంగం కాకుండా ఆ బండిని బయటికి తీయడం ఇంకా నా కళ్ళకు కట్టినట్టుంది. కాబట్టి మీవారు కారు కావాలంటున్నారంటే ఆ మాటలో న్యాయముంది. మేం నాలుగేళ్ళు కారు లేకుండా, తర్వాత ఆరేళ్ళు కారు తగిలించుకుని తిరిగాం. రెండు పద్ధతుల్లోనూ సుఖపడ్డాం, రెండింట్లోనూ ఇబ్బంది పడ్డాం.

నా మాట ముందే చెప్పేస్తాను. ఈ మూడు నెలల ట్రిప్పుకి కారు తగిలించకండి. ఆగిన చోట కావలసినప్పుడు అద్దెకు తీసుకోండి. తిరిగొచ్చాక మళ్ళీ ఆలోచించండి. ఇందులో మీ టెన్షన్‌కి కొంత వాటా ఉంది కానీ, అసలు కారణాలు మీ బండి సైజు, మీ కారు గేర్‌బాక్స్.

చిన్న మోటార్‌హోమ్ ఎందుకు కొన్నారో ఒక్కసారి గుర్తు చేసుకోండి. 24 అడుగులంటే సుమారు 7.3 మీటర్లు. మామూలు పార్కింగ్‌లో వెనక భాగం పచ్చిక మీదికి వచ్చేలా నిలిపితే సరిపోతుంది. దారి తప్పితే ఏ సందులోనో రివర్స్ చేసి తిప్పుకోవచ్చు. నచ్చిన చోట ఆపి, గంట సేపు చూసి, వెళ్ళిపోవచ్చు. ఇప్పుడు దీనికి టో బార్, అంటే కారును బండి వెనక తగిలించే రెండు చేతుల ఇనుప కడ్డీ, ఒకటిన్నర మీటరు, కారు నాలుగు మీటర్లు కలపండి. దాదాపు 13 మీటర్లవుతుంది. నలభై అడుగుల పెద్ద బండి కొన్నవాళ్ళు ఎటూ ఇరుకు చోట్లకు పోలేరు, వాళ్ళకు కారు తగిలించినా పెద్దగా పోయేదేమీ లేదు. మీకు పోయేది చాలా ఉంది. పెద్ద బండివాళ్ళు చేసేది చూసి చిన్న బండివాళ్ళు చేయకూడదని నేను గట్టిగా అనేది ఇందుకే.

పైగా టో బార్‌తో నాలుగు చక్రాల మీద వచ్చే కారును తగిలించుకుంటే రివర్స్ గేరు మీకు లేనట్టే. రెండు మూడు అడుగులు వెనక్కి నెట్టినా కారు ముందు చక్రాలు తమ ఇష్టం వచ్చినట్టు అడ్డం తిరుగుతాయి. భారమంతా టో బార్ చేతుల మీద పడి అవి వంగుతాయి, లేదా కారు కింద బిగించిన ప్లేటు దెబ్బతింటుంది. ఒకరోజు చిన్న జల్లులో, సాయంత్రం పూట, పెట్రోలు కోసం మేమొక బంకులోకి తిరిగాం. పంపు దాటాక గోడ. బయటికి పోవడానికి దారి లేదు. ముందుకు పోలేం, వెనక్కి రాలేం. కారు విడదీయాల్సిందే. బండి మలుపులో ఆగింది కాబట్టి టో బార్ చేతులు బిగుసుకుపోయి, పిన్ను కదలడం లేదు. మా ఆయన కారెక్కి స్టీరింగ్ తిప్పి అంగుళం అంగుళం జరుపుతుంటే, నేను తడిసిన చేతులతో పిన్ను పట్టుకుని లాగుతూ కూర్చున్నాను. వెనక మూడు కార్లు హారన్ కొడుతున్నాయి. ఇరవై నిమిషాలు పట్టింది. ఆ రోజు నుంచి ఏ బంకుకి వెళ్ళాలన్నా లోపలికి తిరిగే ముందే బయటికి పోయే దారి ఎక్కడుందో చూసుకునేదాన్ని. మీరు రోజుకో ఊరు తిరిగే రోజుల్లో ఈ లెక్క రోజూ, ప్రతి మలుపు దగ్గరా చూసుకోవాలి.

ఇక మీ కారు. నిర్ణయం సగం ఇక్కడే తేలిపోతుంది.

"న్యూట్రల్‌లో పెట్టి లాగితే ఏమవుతుంది?" అని చాలామంది అడుగుతారు. చాలా ఆటోమేటిక్ గేర్‌బాక్సుల్లో లోపలి పళ్ళకూ బేరింగులకూ నూనె అందించే పంపు ఇంజిన్ తిరిగితేనే తిరుగుతుంది. కారును ఇంజిన్ ఆపి లాగుతున్నప్పుడు చక్రాలు తిరుగుతుంటాయి, వాటితో పాటు గేర్‌బాక్సులో కొంత భాగం తిరుగుతూనే ఉంటుంది, కానీ పంపు ఆగిపోయి ఉంటుంది. నూనె లేకుండా గంటల తరబడి తిరిగితే అది వేడెక్కి కాలిపోతుంది. బయటికి ఏ శబ్దమూ రాదు, మీరు ముందు బండిలో ఉంటారు, మీకు తెలిసే దారి లేదు. సాయంత్రం విడదీసి కారు స్టార్ట్ చేసినప్పుడు మాత్రమే తెలుస్తుంది. ఎలక్ట్రిక్ కార్లు చాలావాటిలో కూడా చక్రాలు నేల మీద ఉంచి లాగడం నిషేధం. వాటిలో చక్రం తిరిగితే మోటారు తిరిగి కరెంటు పుట్టిస్తుంది.

ఏ కారుకు కుదురుతుందో ఏ కారుకు కుదరదో బయట నుంచి చూసి చెప్పలేం. హోండా సీఆర్-వీ సంగతి చూడండి. 2014 మోడల్ దాకా నాలుగు చక్రాల మీద లాగడానికి కంపెనీ ఒప్పుకునేది. దానికీ ఒక పద్ధతి ఉండేది: ఇంజిన్ న్యూట్రల్‌లో మూడు నిమిషాలు ఆడించి ఆపాలి, రోజంతా లాగితే ఎనిమిది గంటలకోసారి మళ్ళీ అలాగే చేయాలి. 2015లో గేర్‌బాక్స్ సీవీటీ అనే వేరే రకం ఆటోమేటిక్‌కి మారింది, ఆ అనుమతి పోయింది. పేరు అదే, బయటి రూపం దాదాపు అదే. 2014 కారున్న మనిషి "మాది చక్కగా వస్తోంది" అంటే నమ్మి 2015 కారును కట్టినవాళ్ళ గేర్‌బాక్స్ ఏమవుతుందో ఆలోచించండి. అందుకే నాలుగు మాటలు విని నిర్ణయించుకోవద్దు. కారుతో వచ్చిన ఓనర్స్ మాన్యువల్ తీసి, రిక్రియేషనల్ టోయింగ్ (విహారయాత్రల్లో కారును వెనక కట్టి లాక్కెళ్ళడం) అన్న శీర్షిక కింద ఏముందో చదవండి. ఎమర్జెన్సీ టోయింగ్ అనే ఇంకో శీర్షిక కూడా ఉంటుంది. అది బండి ఆగిపోయినప్పుడు కాస్త దూరం లాగడానికి చెప్పింది, దాన్ని చూసి ఇదే అనుకోకండి.

మీవారు "అందరూ" అంటున్నారు కదా, ఆ అందరిలో చాలామంది వెనక కనిపించేది జీప్ రాంగ్లర్. దానికి కారణముంది. నాలుగు చక్రాలకూ శక్తి పంచే ట్రాన్స్‌ఫర్ కేస్‌కి దాంట్లో విడిగా న్యూట్రల్ ఉంటుంది. అది వేస్తే చక్రాలకూ గేర్‌బాక్సుకూ సంబంధం తెగిపోతుంది, చక్రాలు ఎంత తిరిగినా గేర్‌బాక్స్ నిశ్చింతగా పడుకుంటుంది. కానీ నాలుగు తలుపుల రాంగ్లర్ బరువు రెండు టన్నులకు అటూ ఇటూ ఉంటుంది. మీ బండికి అది తలకు మించిన భారం కావచ్చు. బరువుల సంగతి కాస్త ఓపిగ్గా చెప్తాను, ఎందుకంటే ఎక్కువమంది తప్పులో కాలేసేది ఇక్కడే.

మోటార్‌హోమ్ వెనక హిచ్ (టో బార్ తగిలించే చోటు) మీద ఒక అంకె రాసి ఉంటుంది. చాలామంది ఆ ఒక్క అంకె చూసి సరే అనుకుంటారు. చూడాల్సినవి ఇంకో రెండున్నాయి. ఒకటి, మీ మోటార్‌హోమ్ సామానుతో, నీళ్ళతో, మనుషులతో కలిపి ఎంత బరువు దాటకూడదో చెప్పేది. రెండోది, బండీ వెనక కట్టిందీ రెండూ కలిపి ఎంత దాటకూడదో చెప్పేది. అమెరికాలో చిన్న మోటార్‌హోమ్‌లకు ఎక్కువగా వాడే మెర్సిడెస్ స్ప్రింటర్ 3500 ఛాసిస్ తీసుకోండి. దానిమీద కట్టిన చాలా బండ్లకు మొదటి అంకె 11,030 పౌండ్లు, అంటే సుమారు 5,000 కిలోలు. రెండూ కలిపిన అంకె 15,250 పౌండ్లు. హిచ్ మీద మాత్రం 5,000 పౌండ్లని ఉంటుంది. ఇప్పుడు తీసివేత చేయండి. బండి నిండుగా ఉంటే వెనక మిగిలేది 4,220 పౌండ్లే, అంటే సుమారు 1,914 కిలోలు. హిచ్ చెప్పిన దానికంటే 780 పౌండ్లు తక్కువ. హిచ్ తట్టుకుంటుంది నిజమే, కానీ ఇంజిన్, గేర్‌బాక్స్, బ్రేకులు దానికి తగ్గట్టు లేవు. టో బార్‌కి ఒక అంకె, కారు కింద బిగించే ప్లేటుకి ఒక అంకె, మధ్యలో పెట్టే అడాప్టర్‌కి ఇంకో అంకె ఉంటాయి. వీటన్నిటిలో ఏది తక్కువైతే అదే మీ హద్దు.

చిన్న మోటార్‌హోమ్‌లో ఇంకో చిక్కు కూడా ఉంది. అవి ఖాళీగానే హద్దుకి దగ్గరలో ఉంటాయి. 150 లీటర్ల నీళ్ళ ట్యాంకు నింపితే 150 కిలోలు. మీరిద్దరూ, బట్టలు, గిన్నెలు, కుర్చీలు, పనిముట్లు. మూడు నెలలకు సర్దుకున్న బండిని ఒక్కసారి వేబ్రిడ్జి కాటా మీదికి ఎక్కించండి. ముందు ఇరుసు, వెనక ఇరుసు విడివిడిగా తూయించండి. మేం తూయించినప్పుడు వెనక ఇరుసు మీద ఇంత భారం ఉందా అని ఇద్దరం మొహమొహాలు చూసుకున్నాం. ఇంటికొచ్చి వెనక అరల్లో ఉన్న సామాను సగం దించేశాం. కారు కట్టినా కట్టకపోయినా ఈ పని చేయండమ్మా. టైర్ల మీద ఆధారపడిన ప్రాణాలు మీ ఇద్దరివి.

బ్రేకుల మాటకొద్దాం. మోటార్‌హోమ్ బ్రేకులు మోటార్‌హోమ్‌ని ఆపడానికి పెట్టినవి. 5,000 కిలోల బండి వెనక 1,300 కిలోల కారు కట్టారనుకోండి, ఆపాల్సిన బరువు 26 శాతం పెరిగింది. గంటకు 90 కిలోమీటర్ల వేగంలో బ్రేకు పడిన క్షణం నుంచి 63 మీటర్లలో ఆగే బండి, అదే బ్రేకు బలంతో 79 మీటర్లు పోతుంది. ఎక్కువైన ఆ 16 మీటర్లు మీ మోటార్‌హోమ్ పొడవుకు రెండింతలు. ముందు లారీ హఠాత్తుగా ఆగితే ఆ 16 మీటర్లు ఎక్కడ నుంచి తెస్తాం? అందుకే వెనక కారులో కూడా బ్రేకు పడే ఏర్పాటు ఉండాలి. కారు బ్రేకు పెడల్‌ను నొక్కే పెట్టె లాంటిది పెట్టొచ్చు, లేదా కారుకే శాశ్వతంగా అమర్చవచ్చు. దాంతో పాటు కారు విడిపోతే దానంతటదే బ్రేకు పడేలా చేసే బ్రేక్‌అవే స్విచ్ కూడా కావాలి. బ్రిటన్‌లోనూ యూరప్ దేశాల్లోనూ వెనక లాగేది 750 కిలోలు దాటితే దానికి సొంత బ్రేకులు ఉండి తీరాలి. చట్టం అడగని చోట కూడా ఇది లేకుండా కారు కట్టొద్దనే చెప్తాను. డబ్బు మిగుల్చుకోవలసిన చోటు కాదిది.

చట్టాలు అన్నాను కాబట్టి ఒక మాట. కొన్ని దేశాల్లో కారును నాలుగు చక్రాల మీద లాక్కెళ్ళడాన్నే ఒప్పుకోరు, ట్రైలర్ మీదికి ఎక్కించాలంటారు. కొన్నిచోట్ల రెండూ కలిపిన బరువును బట్టి మీ లైసెన్స్ సరిపోకపోవచ్చు, వేగపు హద్దు కూడా తగ్గొచ్చు. మీరు వెళ్ళే దారిలో ఎన్ని సరిహద్దులు దాటితే అన్ని చోట్లా అడిగి తెలుసుకోవాలి. ఇన్సూరెన్స్‌వాళ్ళను కూడా అడిగి, జవాబు రాతపూర్వకంగా తీసుకోండి.

మీ కారు ఓనర్స్ మాన్యువల్ వద్దంటే, "అయితే డాలీ మీద పెడదాం" అంటారు మీవారు. డాలీ అంటే కారు ముందు చక్రాలు రెండూ పైకెక్కి, వెనక చక్రాలు నేల మీద తిరిగే రెండు చక్రాల చిన్న బండి. ముందు చక్రాలకే ఇంజిన్ శక్తి వెళ్ళే కారైతే గేర్‌బాక్స్‌కి సాధారణంగా ప్రమాదం ఉండదు, దీనికీ మాన్యువల్ ఒప్పుకోవాలి. ఇబ్బందులు వేరే ఉన్నాయి. దాని బరువు కూడా మీ లెక్కలో పడుతుంది. కారు ఎక్కించిన ప్రతిసారీ వంగి చక్రాలకు పట్టీలు బిగించాలి, కొంత దూరం పోయాక ఆగి మళ్ళీ బిగించాలి. రివర్స్ దీనితోనూ కుదరదు. క్యాంప్‌సైట్ చేరాక కారు దించేస్తారు, ఆ డాలీని ఎక్కడ పెడతారు? చిన్న సైట్లలో చోటుండదు, చేతులతో తోసి ఏ మూలకో నెట్టాలి. నడుం నొప్పి ఉన్నవాళ్ళకు ఇది చెప్పను. పూర్తి ట్రైలర్ అయితే కారు సుఖంగా ఉంటుంది, రివర్స్ కూడా అవుతుంది. కానీ ట్రైలర్ బరువు, కారు బరువు కలిపితే మీ సైజు బండి హద్దు దాటిపోయే అవకాశం ఎక్కువ. దాని గురించి ఇక ఆలోచించనక్కర్లేదు.

ఇంత చెప్పినా, కారు తగిలించుకుని తిరిగిన ఆరేళ్ళలో నన్ను అన్నిటికంటే అలసిపోయేలా చేసింది ఇవేవీ కావు. రోజూ పొద్దున్నే చేసే తంతు. సమతలంగా ఉన్న చోట బండీ కారూ ఒకే వరుసలో నిలపాలి. టో బార్ చేతులు రెండూ లాక్ అయ్యాయా, పిన్నులు పడ్డాయా, వాటికి క్లిప్పులు పెట్టామా. సేఫ్టీ కేబుళ్ళు అడ్డంగా దాటించి తగిలించామా. లైట్ల తీగ పెట్టాక బ్రేకు లైటు, రెండు ఇండికేటర్లు పనిచేస్తున్నాయా. స్టీరింగ్ లాక్ తీశామా, గేరు చెప్పిన చోట ఉందా, హ్యాండ్ బ్రేక్ దించామా. టో బార్ నేలకు సమాంతరంగా ఉందా. రెండు కొసల ఎత్తులో మూడు నాలుగు అంగుళాలకు మించి తేడా ఉండకూడదు. ఉంటే గట్టిగా బ్రేకు వేసినప్పుడు కారు పైకి లేవడానికో కిందికి తోసుకుపోవడానికో చూస్తుంది.

ఒకరోజు మంచు కురుస్తుండగా బయల్దేరాం. చలికి తొందరపడి, ఇద్దరం రెండు వైపులా పంచుకుని చేశాం. ఒకరు చూశారులే అని ఇంకొకరం అనుకున్నాం. అరగంట పోయాక వెనక లారీ డ్రైవరు లైట్లు కొడుతూ, పక్కకొచ్చి చేత్తో ఆపమని సైగ చేశాడు. దిగి వెనక్కి వెళ్ళేసరికి కాలిన రబ్బరు వాసన. కారు వెనక చక్రం దగ్గర చెయ్యి పెడితే పొయ్యి దగ్గర పెట్టినట్టు సెగ కొట్టింది. హ్యాండ్ బ్రేక్ సగం ఎత్తి ఉంది. ముందు కూర్చున్న మాకు చీమ కుట్టినట్టైనా తెలియలేదు, అంత పెద్ద ఇంజిన్‌కి ఆ కాస్త పట్టు లెక్కలోకి రాదు. కారు టైరు పంక్చరైనా ఇంతే, అది చీలికలై ఊడిపోయేదాకా తెలియదు. ఆ లారీ డ్రైవరు పేరు కూడా అడగలేదు, ఇప్పటికీ తలుచుకుంటాను. ఆ తర్వాత పద్ధతి మార్చాం. ఒకరు మొత్తం చేయాలి, ఇంకొకరు కాగితం పట్టుకుని మొదటి నుంచి చివరిదాకా చేత్తో ముట్టుకుని చూడాలి. మధ్యలో ఎవరొచ్చి పలకరించినా మళ్ళీ మొదటి నుంచే. కారు టైర్లకు గాలి చెప్పే సెన్సర్లు, కారును చూపించే వెనక కెమెరా కూడా పెట్టించాం. మీరు ఎప్పుడైనా కారు కడితే ఈ మూడూ మొదటి రోజు నుంచే పెట్టుకోండి.

మరి మాత్రలైపోతే ఏం చేయాలి?

మీ మూడు ట్రిప్పుల్లో కారు లేదే అని ఎన్నిసార్లు నిజంగా అనుకున్నారో ఇద్దరూ విడివిడిగా రాయండి. విడివిడిగా రాయడం ముఖ్యం. మా ఆయన రాసినప్పుడు పదకొండు వచ్చాయి, నేను రాస్తే నాలుగు. ఆయన లెక్కలో ఊరు చూడ్డానికి వెళ్ళాలనుకున్న సాయంత్రాలున్నాయి, నా లెక్కలో తప్పనిసరి పనులే ఉన్నాయి. అప్పటిదాకా మేం వాదించుకుంటున్నది రెండు వేరు వేరు విషయాల గురించని ఆ కాగితాలు చూశాకే తెలిసింది. రాశాక, వాటిలో ముందు చూపుతో తీరిపోయేవి కొట్టేయండి. మాత్రలు అలాంటివే. మూడు నెలలకూ ఇంకో రెండు వారాలకూ సరిపడా ముందే తెచ్చి పెట్టుకుంటే ఆ ప్రయాణమే ఉండదు. సరుకులు దారిలో, పందిరి వేయకముందే, బండి ఎటూ రోడ్డు మీదున్నప్పుడే కొనాలి. క్యాంప్‌సైట్‌లో దిగాక మళ్ళీ బయటికి వెళ్ళే పని పెట్టుకోకూడదు. మడిచే సైకిళ్ళు రెండుంటే ఆరు కిలోమీటర్లు పెద్ద దూరమేమీ కాదు. మోకాళ్ళు ఒప్పుకోకపోతే బ్యాటరీ సైకిళ్ళు ఉన్నాయి. వాటి బరువు కూడా వెనక ఇరుసు లెక్కలో వేయండి.

మిగిలినవాటికి అద్దె కారు. మీ ప్లాన్ ప్రకారం ఐదు చోట్ల సుమారు పన్నెండు రోజులంటే అరవై రోజులు ఒకచోట ఉంటారు. ఆ అరవై రోజులూ కారు అక్కర్లేదు. వారానికి రెండు రోజులు తీసుకుని, చూడాల్సినవీ కొనాల్సినవీ ఆ రెండు రోజుల్లో పెట్టుకుంటే మొత్తం పదిహేడు పద్దెనిమిది రోజుల అద్దె. దానికి ఒక అంచనా వేయండి. ఇటువైపు టో బార్, మీ కారు మోడల్‌కే సరిపోయే బేస్ ప్లేటు, బ్రేకు ఏర్పాటు, లైట్ల వైరింగ్, బిగించే కూలి రాయండి. బేస్ ప్లేటు ఇంకో కారుకి పనికిరాదని గుర్తుంచుకోండి. మీ కారును మార్చాల్సి వస్తే ఆ తేడా కూడా ఇటే పడుతుంది. ఈ లెక్క మీవారితోనే వేయించండి. మీరు చెప్తే భయంతో అంటున్నారనుకుంటారు, అంకెలు తానే కూడితే నమ్ముతారు.

క్యాంప్‌సైట్‌కి నలభై కిలోమీటర్ల లోపు అద్దె కారు దొరకని చోటు మీ ప్లాన్‌లో ఉందా? ఉంటే ఆ ఒక్క మజిలీకి ఇంకో దారుంది. మీ ఇంటికి దగ్గర మజిలీ అదే అయితే, మీరు మీ కారు నడుపుకుంటూ, ఆయన మోటార్‌హోమ్ నడుపుకుంటూ వెళ్ళండి. ఇద్దరికీ డ్రైవింగ్ వచ్చు కాబట్టి ఒకటి రెండు రోజుల దూరానికి ఇది మంచి పద్ధతి. రోజుల తరబడైతే ఒద్దు. ఇద్దరూ అలసిపోతారు, పక్కన కూర్చుని దారి చూసే మనిషి ఎవరికీ ఉండరు.

ఎప్పుడు కారు కట్టమంటానో కూడా చెప్పాలి, లేకపోతే మీవారికి అన్యాయం చేసినట్టవుతుంది. మీరు మెల్లగా మారుతున్నారని ఉత్తరంలోనే తెలుస్తోంది. వచ్చే ట్రిప్పులో నాలుగైదు చోట్ల పది పదిహేను రోజులు ఆగుతామంటున్నారు. ఒక్కో చోట మూడు వారాలు, నెల ఆగడం మొదలైతే, కదిలే రోజులు తగ్గి ఆగే రోజులు పెరిగితే, అప్పుడు కారు మీకు నిజంగా రెక్కలిస్తుంది. మేం కట్టడం మొదలుపెట్టింది అప్పుడే. అయినా ఉన్న కారును కట్టలేదు. మాన్యువల్ గేరున్న, 1,100 కిలోల పాత చిన్న కారు, కంపెనీ రాతపూర్వకంగా ఒప్పుకున్నది, వెతికి కొన్నాం. అలాంటి కారుతో మీ బండి ఎత్తుల మీద ఆయాసపడదు, పిన్నులు తీయడానికి బలం అక్కర్లేదు, రోజూ చేసే తంతు పది నిమిషాల్లో అయిపోతుంది.

మీ టెన్షన్ గురించి. అది తీసిపారేసేది కాదు. వెనక ఏముందో అద్దంలో కనిపించని బండిని మీరూ నడపాలి. ఆ రోజు వస్తే, మొదట ఖాళీ మైదానంలో మీరే స్టీరింగ్ పట్టుకోండి. ఆయన బయట నిలబడి చూడాలి. మలుపు తిరిగేటప్పుడు కారు లోపలి వైపుకి ఎంత కోసుకొస్తుందో, బండి వెనక భాగం అవతలి వైపుకి ఎంత ఊగుతుందో సీసాలు వరుసగా పెట్టి చూసుకోండి. విడదీయడం, తగిలించడం మీరొక్కరే రెండుసార్లు చేయండి. ఆయనకు జ్వరం వచ్చిన రోజు మీరొక్కరే బండిని ఇంటికి తీసుకురాగలనన్న ధైర్యం కలిగితేనే కారు కట్టండి. కలగకపోతే వద్దు. ఇది మీవారికి నా మాటగా చెప్పండి.

ఈలోగా కారు డాష్‌బోర్డు అరలో ఉన్న ఆ మాన్యువల్ తీయండి. రిక్రియేషనల్ టోయింగ్ కింద ఉన్న నాలుగు వాక్యాలూ యథాతథంగా రాసి, కారు మోడల్, సంవత్సరం, కాటా మీద వచ్చిన రెండు ఇరుసుల బరువులు కలిపి నాకు పంపండి. ట్రిప్పు నుంచి వచ్చాక మీ ఇద్దరి కాగితాలు కూడా పంపితే, ఆ అంకెలతోనే మళ్ళీ కూర్చుని చూద్దాం.